కారు కడిగేటప్పుడు షాంపూ, క్లీనర్లు ఎలా వేయాలి: బకెట్టా, స్ప్రేయరా, ఫోమ్ గన్నా?

"ఏ షాంపూ మంచిది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఏదో ఒక పేరు చెప్పి పంపిస్తే నాలుగు వారాల తర్వాత వాళ్లే మళ్లీ వస్తారు. "మీరు చెప్పిందే కొన్నాను, కానీ బానెట్ మీద తెల్లటి చారలు పడ్డాయి." "నురగ బ్రహ్మాండంగా వచ్చింది, మురికి మాత్రం అలాగే ఉంది." "రిమ్ముల మీద మరక పడింది, ఇక పోవడం లేదు." వీటిలో చాలావరకు సీసా మార్చినంత మాత్రాన తీరేవి కావు. ఎంత కలిపారు, దేంతో వేశారు, ఎంతసేపు ఉంచారు అన్న మూడింట్లో ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది. అందుకే ఈసారి ఏం కొనాలో పక్కన పెట్టి, కొన్నదాన్ని ఎలా వేయాలో చెప్తాను.

ముందు దేంతో వేయాలో తేల్చుకోండి

బకెట్, మిట్: చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ను షాంపూ నీళ్లలో ముంచి రుద్దడం. ఏ కారుకైనా ఇది సరిపోతుంది. మిగతా పద్ధతులన్నీ దీనికి ముందో, తోడుగానో వచ్చేవే.

చేతి స్ప్రే సీసా: చక్రాలు, తారు మచ్చలు, పక్షి రెట్టలు, పురుగుల మరకలు లాంటి చిన్న చోట్లకు. కారంతా దీంతో కొడితే వేళ్లు నొప్పి పుట్టడం తప్ప లాభం లేదు. పైగా ఒక పక్క కొట్టేలోపు ఇంకో పక్క ఆరిపోతుంది.

పంపు స్ప్రేయర్: చేత్తో గాలి కొట్టి పిచికారీ చేసేది. కరెంటు అక్కర్లేదు, పైపు అక్కర్లేదు. ముందు కడుగుకి (మిట్ పెట్టేముందే మురికిని నానబెట్టి వదిలించే కడుగుకి) వేసే క్లీనర్‌ను కారంతా సమానంగా తడపడానికి దీన్ని మించింది లేదు.

పైపుకి తగిలించే ఫోమ్ గన్: మామూలు కుళాయి ఒత్తిడితో పనిచేస్తుంది. నురగ పలచగా వస్తుంది, కానీ షాంపూ నీళ్లు కారంతా పడతాయి, జారుడు ఉంటుంది. చాలామందికి ఇది చాలు.

ప్రెషర్ వాషర్‌కి తగిలించే ఫోమ్ క్యానన్ (ప్రెషర్ వాషర్ అంటే నీళ్లను గట్టి ఒత్తిడితో కొట్టే యంత్రం): వీడియోల్లో కనిపించే గడ్డపెరుగు లాంటి నురగ దీని పనే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నిజం చెప్పాలంటే చిక్కటి నురగకీ మురికి వదలడానికీ మనం అనుకునేంత సంబంధం లేదు. నురగ మరీ చిక్కగా ఉంటే కిందికి జారకుండా అక్కడే కూర్చుంటుంది, నెమ్మదిగా జారేదైతేనే మురికిని వెంటబెట్టుకుని పోతుంది. డబ్బులు చూసుకుని కొనేవాళ్లు ముందు మంచి మిట్, రెండు బకెట్లు, పంపు స్ప్రేయర్ కొనుక్కోండి. ఫోమ్ క్యానన్ చివర్లో.

కావలసినవి

- కారు షాంపూ. లేబుల్ మీద pH న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని ఉన్నది మేలు
- రెండు బకెట్లు, వీలైతే అడుగున వేసే జాలీలు
- మైక్రోఫైబర్ మిట్లు రెండు: ఒకటి బాడీకి, ఇంకొకటి కింది భాగాలకి
- చక్రాలకి విడిగా పాత మిట్, బ్రష్. వీటిని ఎప్పుడూ బాడీ మీద పెట్టొద్దు
- పంపు స్ప్రేయర్ లేదా ఫోమ్ గన్
- గీతలతో కొలతలున్న చిన్న కప్పు లేదా సూది లేని సిరంజి
- తుడవడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్
- చేతి గ్లవ్స్, కళ్లలో చుక్కలు పడకుండా రక్షణ అద్దాలు

గిన్నెల సబ్బు, బట్టల పొడి ఈ జాబితాలో లేవు. గిన్నెల సబ్బు జిడ్డుతో పాటు మీరు వేయించిన వ్యాక్స్‌ను కూడా బలహీనపరుస్తుంది. బట్టల పొడి మరీ ప్రమాదం. కరగని పలుకులు మిట్ కింద పడితే పెయింట్‌ను గరుకు కాగితంతో రుద్దినట్టే.

కలపడం: ఎక్కువ మంది తప్పేది ఇక్కడే

లేబుల్ మీద 1:200 అని ఉందనుకోండి. 1 వంతు షాంపూకి 200 వంతుల నీళ్లు అని అర్థం. 10 లీటర్ల బకెట్‌కి 50 మిల్లీలీటర్లు. 1:500 అయితే 20 మిల్లీలీటర్లు. "ఒక మూత పోశాను" అనేవాళ్లు ఆ మూతలో ఎంత పడుతుందో ఒక్కసారి కొలిచి చూసుకోండి. కొన్ని మూతలకి 10 మిల్లీలీటర్లు, కొన్నింటికి 30 పడతాయి.

స్ప్రే సీసాకి 1:4 అని ఉంటే లీటరు సీసాలో 200 మిల్లీలీటర్ల క్లీనర్, 800 నీళ్లు. దీన్ని "నాలుగో వంతు" అని చదువుకుని 250 పోసేవాళ్లున్నారు. 1:100 లాంటి చోట ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, గాఢంగా వాడే క్లీనర్ల దగ్గర వస్తుంది.

ఫోమ్ క్యానన్ దగ్గర అసలు చిక్కు. దాని సీసాలో మీరు కలిపిన ద్రావణం, వాషర్ నీళ్లతో కలిసి ఇంకా పలచబడి కారు మీద పడుతుంది. ఎంత పలచబడుతుందో మీ యంత్రం మీదే తెలుసుకోవాలి. అందుకు ఓ చిన్న పరీక్ష ఉంది. సీసాలో 1 లీటరు మామూలు నీళ్లు నింపండి. క్యానన్‌ను పెద్ద బకెట్‌లోకి పెట్టి సీసా ఖాళీ అయ్యేదాకా నొక్కండి. బకెట్‌లో 10 లీటర్లు పడ్డాయనుకుందాం. అంటే సీసాలో మీరు పోసే 100 మిల్లీలీటర్ల షాంపూ చివరికి 10 లీటర్ల నీళ్లలో పరుచుకుంటుంది. కారు మీద పడేది 100కి 1. ముందు కడుగు షాంపూ 100కి 4 ఉండాలని లేబుల్ చెబితే, సీసాలో 400 పోస్తే గానీ ఆ లెక్క రాదు. "నురగ వచ్చింది, మురికి పోలేదు" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు జవాబు ఇదే. మీ వాషర్, క్యానన్ మారకపోతే ఈ పరీక్ష ఒక్కసారి చేసి అంకె సీసా మీద మార్కర్‌తో రాసుకుంటే చాలు. క్యానన్ మీదున్న డయల్ తిప్పితే మాత్రం లెక్క మారిపోతుంది.

బకెట్‌లో ముందు నీళ్లు పోసి, తర్వాత షాంపూ, ఆ పైన కాస్త పైపు నీళ్లు గట్టిగా కొట్టండి. షాంపూ ముందు పోస్తే బకెట్ నిండేలోపే సగం నురగ పొంగి పోతుంది.

ఇప్పుడు పని

1. నీడలో పెట్టండి. అరచేతి వెనక వైపు బానెట్‌కి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆగండి. వేడి రేకు మీద ఏ క్లీనర్ వేసినా నిమిషంలో ఆరి చార కడుతుంది. ఇంజిన్ వేడి వల్ల బానెట్, బ్రేకుల వల్ల చక్రాలు మిగతా కారుకన్నా ఆలస్యంగా చల్లారతాయి. నీడ దొరకకపోతే ఉదయం పెందలాడే గానీ, పొద్దు వాలాక గానీ పెట్టుకోండి. కారంతా ఒకేసారి కాకుండా ఒక్కో పక్కే చేయండి.

2. చక్రాలు ముందు. చక్రాలు చివర్లో కడిగితే అప్పటికే శుభ్రమైన తలుపుల మీద ఆ నల్లనీళ్లు చిందుతాయి. క్లీనర్‌ను ఒక్కో చక్రానికి కొట్టి, ఆరేలోపు బ్రష్‌తో రుద్ది, కడిగి, అప్పుడు రెండో చక్రానికి వెళ్లండి. నాలుగింటికీ కొట్టేసి మొదటిదానికి తిరిగొచ్చే సరికి అది ఎండిపోయి ఉంటుంది. ఐరన్ రిమూవర్ వాడితే బ్రేక్ దుమ్ములోని ఇనుముతో కలిసి ఊదా రంగు నీళ్లు కారతాయి. కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తుంది. సీసా పాడైందేమో అని పారేయకండి, అది అలాగే ఉంటుంది.

జాగ్రత్త: రంగు వేయని అల్యూమినియం రిమ్ములు, పాలిష్ చేసిన రిమ్ముల మీద ఘాటైన ఆమ్ల క్లీనర్లు, ఘాటైన క్షార క్లీనర్లు రెండూ మరక వేస్తాయి. ఆ మరక కడిగితే పోయేది కాదు. లేబుల్ మీద హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం బైఫ్లోరైడ్ అని కనిపిస్తే ఆ సీసా ఇంటికి తేవొద్దు. చర్మం ద్వారా ఒంట్లోకి దిగి హాని చేసే రకం అవి. ఏ క్లీనర్‌నీ బ్లీచ్‌తో కలపొద్దు.

3. ఒట్టి నీళ్లతో తడపండి. రూఫ్ నుంచి కిందికి. ప్రెషర్ వాషర్ అయితే మొన పెయింట్‌కి 30 సెంటీమీటర్లకన్నా దగ్గరికి పోకూడదు. టైర్ల పక్క గోడలకి, రేడియేటర్ రెక్కలకి, సెన్సార్లకి, రబ్బరు అంచులకి, ఇంతకుముందే పెచ్చులూడిన పెయింట్‌కి ఇంకా దూరంగా ఉంచండి. నాలుగు చినుకులు పడి దుమ్ము బురదగా మారిన కారుకి ఈ అడుగు మీద ఎక్కువసేపు నిలబడండి. ఇక్కడ పోయిన ఇసుక రేణువు తర్వాత మిట్ కింద పడదు.

4. ముందు కడుగు వేయండి, కింది నుంచి పైకి. చాలామందికి ఇది తిరకాసుగా అనిపిస్తుంది. నీళ్లు పైనుంచి కిందికి కదా అని అడుగుతారు. కారణాలు రెండు. తలుపుల కింది భాగం, బంపర్లు ఎక్కువ మురికిగా ఉంటాయి, వాటికి ఎక్కువ సమయం కావాలి కాబట్టి ముందు అక్కడ పడాలి. రెండోది, పైన మొదలుపెడితే కిందికి కారిన ధారలు చూసి అక్కడ వేసేశామనుకుని వదిలేస్తాం. కింది నుంచి వెళ్తే ఎక్కడ తడిసిందో, ఎక్కడ పొడిగా మిగిలిందో కంటికి తెలుస్తుంది.

పంపు స్ప్రేయర్ మొనను పొగమంచు కన్నా కాస్త ముతకగా ఉండేలా తిప్పండి. మరీ సన్నగా పెడితే సగం గాల్లో కలిసి మీ ముక్కులోకి పోతుంది. గాలి వచ్చే వైపుకి వీపు పెట్టి నిలబడండి. ఫోమ్ క్యానన్ అయితే చెయ్యి నెమ్మదిగా, వరసలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా.

5. ఆగండి, కానీ ఆరనివ్వకండి. 3 నుంచి 5 నిమిషాలు. లేబుల్ తక్కువ చెబితే అంతే. గడియారం కన్నా కారునే చూడండి. అంచుల దగ్గర నురగ పలచబడి మెరుపు తగ్గుతుంటే వెంటనే కడిగేయాలి. నేనొకసారి నల్ల కారుకి స్నో ఫోమ్ (ముందు కడుగు నురగ) వేసి ఫోన్ ఎత్తాను. రెండు నిమిషాల మాట పది నిమిషాలైంది. రూఫ్ మీద మ్యాపు గీసినట్టు చారలు. మళ్లీ తడిపి, అదే షాంపూ నీళ్లు పలచగా వేసి మిట్‌తో తుడిస్తే చాలావరకు పోయాయి, కొన్ని మాత్రం పాలిష్ దాకా మిగిలాయి. మీకూ ఇలా ఆరిపోతే గోటితో గానీ పొడి గుడ్డతో గానీ గీకకండి. అదే ద్రావణం మళ్లీ వేసి నానబెట్టడమే దారి.

6. కడిగేయండి. ఈసారి పైనుంచి కిందికి. అద్దాల చుట్టూ, నంబరు ప్లేటు వెనక, డోర్ హ్యాండిల్ గుంటల్లో, పెట్రోల్ మూత దగ్గర క్లీనర్ నిలిచిపోతుంది. అక్కడ ఇంకో రెండు క్షణాలు ఎక్కువ పట్టండి.

7. ఇప్పుడు మిట్. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదానిలో ఒట్టి నీళ్లు. మిట్‌ను షాంపూలో ముంచి, రూఫ్ నుంచి మొదలుపెట్టి, నేరుగా ముందుకీ వెనక్కీ జరపండి. గుండ్రంగా తిప్పొద్దు. గీత పడితే నిలువుగా ఒక్కటే పడుతుంది, గుండ్రంగా తిప్పితే ఎండలో సాలెగూడులా కనిపిస్తుంది. చేతి బరువు కూడా వేయొద్దు, మిట్ బరువు చాలు. ఒక ప్యానెల్ అయ్యాక మిట్‌ను ఒట్టి నీళ్ల బకెట్‌లో అడుగు జాలీకి రాసి, పిండి, అప్పుడే షాంపూలోకి.

వరస ఇది: రూఫ్, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం. ఆ తర్వాత మిట్ మార్చి తలుపుల కింది సగం, బంపర్లు. ఒట్టి నీళ్ల బకెట్ నల్లబడితే నీళ్లు మార్చండి. బద్ధకిస్తే రెండు బకెట్లు పెట్టీ ప్రయోజనం లేదు. మిట్ కింద పడితే దులిపి వాడేయొద్దు, ఆ రోజుకి పక్కన పడేయండి.

8. మొండి మరకలకి చోటు చూసి వేయండి. తారు మచ్చలకి తారు తీసే ద్రవం, బాగా కడిగి తుడిచాక పొడి పెయింట్ మీద. నీళ్లుంటే అది మచ్చను అంటుకోదు. మైక్రోఫైబర్ గుడ్డ మీద కొద్దిగా పోసి మచ్చ మీద అర నిమిషం ఆనించి తుడవండి, రుద్దక్కర్లేదు. నల్ల ప్లాస్టిక్ పట్టీలు, స్టికర్లు, ర్యాప్ (పెయింట్ మీద అతికించే ప్లాస్టిక్ పొర) మీద పడనివ్వొద్దు, ముందు కనపడని చోట చూసుకోండి. పక్షి రెట్ట ఎండిపోయి ఉంటే తడిగుడ్డ కప్పి నానబెట్టి ఎత్తండి. పని అయ్యాక ఆ చోటు మళ్లీ షాంపూతో కడగాలి.

9. చివరి కడుగు, తుడుపు. పైపు మొన తీసేసి, నీళ్లు ధారగా రూఫ్ మీద వదలండి. పొరలా జారుతూ చుక్కల్ని కూడా లాక్కుపోతాయి. మిగిలిన తడిని పెద్ద టవల్ పరిచి, మెల్లగా లాగి తీయండి. నీళ్లలో లవణాలు ఎక్కువగా ఉంటే ఈ పని ఆలస్యం చేయొద్దు, చుక్క ఆరిన చోటల్లా తెల్ల మచ్చ మిగులుతుంది.

10. అద్దాలు, టైర్లు, లోపల. ఇక్కడ నియమం ఒక్కటే, ద్రవం గుడ్డ మీద కొట్టాలి, వస్తువు మీద కాదు. డాష్‌బోర్డు మీద నేరుగా కొడితే స్విచ్చుల సందుల్లోకి, స్క్రీన్ అంచుల్లోకి దిగుతుంది. స్క్రీన్‌కి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వద్దు. టైరు మెరుపుని స్పాంజితో పక్క గోడకి మాత్రమే రాయండి. రోడ్డుకి ఆనే భాగం మీద రాస్తే జారుతుంది. స్ప్రే డబ్బాతో కొడితే బ్రేక్ డిస్క్ మీద పడే ప్రమాదం ఉంది, అది బ్రేక్ పట్టును దెబ్బతీస్తుంది. పెడల్స్‌కీ స్టీరింగ్‌కీ మెరుపు ద్రవాలు అసలు వద్దు.

పైపు, కుళాయి లేకపోతే

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు అడిగేది ఇదే. రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, వేసి మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనిది. 10 లీటర్ల లోపు నీళ్లతో పని అయిపోతుంది. పంపు స్ప్రేయర్‌తో ప్యానెల్‌ను బాగా తడిపి ఓ నిమిషం ఉంచండి. బకెట్‌లో నానిన గుడ్డను నాలుగు మడతలు చేసి, ఒకే దిక్కున ఒక్కసారి లాగి, మడత తిప్పేయండి. వాడిన ముఖాన్ని మళ్లీ కారుకి తగలనివ్వొద్దు, వాడిన గుడ్డను మళ్లీ బకెట్‌లో ముంచొద్దు. కాబట్టి గుడ్డలు 8 నుంచి 10 దాకా కావాలి. అంగుళం మందాన బురద పట్టిన కారుకి ఇది పనికిరాదు. దాన్ని ముందు ఎక్కడైనా నీళ్లతో కొట్టించాల్సిందే.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆరిన తర్వాత తలుపు కింది భాగాన్ని తెల్లటి తడి మైక్రోఫైబర్‌తో మెల్లగా ఒత్తి చూడండి. బూడిద రంగు అంటితే ముందు కడుగు పలచగా పడింది, లేదా ఆ చోటు చేరలేదు. వచ్చేసారి అక్కడ నుంచే మొదలుపెట్టండి.

ఫోన్ టార్చి వెలుగు పెయింట్ మీద ఏటవాలుగా పడేలా పెట్టండి. నిలువు చారలు కనిపిస్తే క్లీనర్ ఆరిపోయింది. వానవిల్లు మెరుపులా పలచటి పొర ఉంటే షాంపూ ఎక్కువైంది, లేదా కడుగు చాలలేదు. గుండ్రటి తెల్ల మచ్చలైతే తప్పు షాంపూది కాదు, నీళ్లది.

పలచటి పాలిథిన్ కవర్ చేతికి తొడిగి, తడిగా ఉన్న పెయింట్ మీద వేళ్లు జరపండి. ఒట్టి చేతికి తెలియని గరుకు కవర్‌లోంచి ఇట్టే తెలుస్తుంది. గరుకుగా ఉంటే అది షాంపూతో పోయేది కాదు, ఐరన్ రిమూవరో, క్లే బారో (పెయింట్‌కి అంటుకున్న పలుకుల్ని లాగేసే మెత్తటి ముద్ద) కావాలి. గాఢత పెంచుకుంటూ పోవద్దు.

నీళ్లు ఇదివరకు గుండ్రటి ముత్యాల్లా నిలిచి, ఈసారి పరుచుకుంటే వెంటనే వ్యాక్స్ పోయిందని కంగారు పడకండి. షాంపూ పొర మిగిలినా అలాగే ఉంటుంది. ఒక ప్యానెల్ మళ్లీ బాగా కడిగి చూడండి.

బండి తీసేముందు

బ్రేకులు తడిసి ఉంటాయి. మొదటి వంద మీటర్లు నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు మెల్లగా బ్రేక్ వేయండి. మొదట్లో కాస్త గరగర వినిపిస్తే అది డిస్క్ మీద పట్టిన పలచటి తుప్పు, రెండు బ్రేకులకి పోతుంది.

తర్వాత స్ప్రేయర్, ఫోమ్ క్యానన్. వీటిలో మిగిలిన ద్రావణం పారబోసి, ఒట్టి నీళ్లు నింపి, మొనలోంచి నురగ లేని తేట నీళ్లు వచ్చేదాకా కొట్టండి. షాంపూ లోపలే ఎండిపోతే క్యానన్ జాలీ మూసుకుపోతుంది, వచ్చేసారి నురగకి బదులు నీళ్లు కారతాయి, మీరు షాంపూని తిట్టుకుంటారు. పంపు స్ప్రేయర్‌లో గాలి తీసేసి పెట్టండి. మిగిలిన క్లీనర్‌ను నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచొద్దు. పిల్లలు తాగేస్తారు. మిట్లు, టవళ్లు విడిగా ఉతికి, సాఫ్ట్‌నర్ వేయకుండా నీడలో ఆరేయండి. సాఫ్ట్‌నర్ వేస్తే నీళ్లు పీల్చడం తగ్గుతుంది. చక్రాలకి వాడిన మిట్‌కి ఓ ముడో, రంగు దారమో కట్టండి. వారం తర్వాత ఏది ఏదో గుర్తుండదు.